నాబ్ బొమ్మని ఎట్టా పట్టుకోవాలి? ఆడియో ప్లగిన్ తెరల కథ

వీడియోలో తెర మీద చూపించిన బొమ్మలన్నీ ఇక్కడ మాటల్లోనే చెప్తున్నాను. ఎందుకలా అన్నది వినే కొద్దీ మీకే తెలుస్తుంది.

ఇవాళ్టి కథ మా మావయ్య దగ్గర మొదలుపెడతా. మావయ్యది తెనాలి పక్కన ఒక ఊరు. ముప్పై ఏళ్లు మైక్ సెట్టు నడిపాడు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, ఎన్నికల ప్రచారాలు, అన్నీ. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఆ చీకట్లో కూడా ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టి ఏ నాబ్ ఎక్కడుందో, ఎంత తిరిగి ఉందో చెప్పేసేవాడు. మైకు కుయ్యిమనగానే ఆయన వేలు ట్రెబుల్ మీదకి వెళ్లిపోయేది. కళ్లు మాత్రం పందిట్లో జనం మీదే ఉండేవి.

తర్వాత ఆ వ్యాపారం తగ్గించుకుని మేడ మీద గదిలో చిన్న రికార్డింగ్ పెట్టాడు. ఒక కంప్యూటర్, ఒక మైకు, రెండు స్పీకర్లు. భజన పాటలు, పెళ్లి పాటలు, పంచాయతీ ఎన్నికలొస్తే ప్రచారం పాటలు. ఈలోపు గ్లకోమా పట్టుకుంది. చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఒక రూపాయి బిళ్లంత కనిపిస్తుంది, చుట్టూ ఏమీ ఉండదు అంటాడు ఆయన.

నేను అప్పటికి బీటెక్ అయిపోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. ఆయన షష్టిపూర్తికి ఏదైనా ఇద్దామని సొంతంగా ఒక ప్లగిన్ రాశాను. కంప్రెసర్. అంటే గొంతు మరీ పెరిగినప్పుడు దాన్ని తొక్కి, మొత్తం పాట ఒక మట్టంలో ఉండేట్టు చూసేది. ఊరికే రాయలేదు. ఆయన పాత ఆంప్లిఫయర్ ముందు పలకని ఫొటో తీసి, ఆ నాబ్‌లని త్రీడీలో గీసి, ఒక్కో కోణానికి ఒక్కో బొమ్మ చొప్పున వందకి పైగా బొమ్మలు తయారుచేసి, అచ్చం అదే పెట్టె తెర మీద కనిపించేట్టు చేశా. నెల రోజుల రాత్రిళ్లు. నీడలు కూడా సరిగ్గా పడ్డాయి.

మావయ్య ముఖం తెరకి ఆనించి చాలాసేపు చూశాడు. "బాగుందిరా, మన ఆంప్లిఫయరే" అన్నాడు. తర్వాత చెయ్యి చాపి తెరని తడిమి అడిగాడు. "మరి దీన్ని ఎట్టా పట్టుకోవాలిరా అల్లుడూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి చదువుతూ పోతే దొరికినదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక ఆశ్చర్యం చెప్తా. నేనైతే ప్లగిన్లు మొదట పాత పెట్టెల ఫొటోలతో పుట్టి, తర్వాత మెల్లగా ఆధునికం అయ్యాయని అనుకునేవాణ్ణి. కథ అలా నడవలేదు. బజార్లో అమ్మిన మొదటి ఆడియో ప్లగిన్‌గా చెప్పుకునేది ఇజ్రాయెల్‌కి చెందిన వేవ్స్ కంపెనీ 1992లో తెచ్చిన క్యూ10. డిజిడిజైన్ వాళ్ల సౌండ్ డిజైనర్ అనే మెకింటాష్ సాఫ్ట్‌వేర్ లోపల పనిచేసే ఈక్వలైజర్ అది. దాని తెర మీద నాబ్ బొమ్మలు లేవు. పైన ఒక గ్రాఫు, దాని మీద పది చుక్కలు, కింద అంకెల గళ్లు. చుక్కని మౌస్‌తో లాగితే గీత వంగుతుంది, శబ్దం మారుతుంది. పారామెట్రిక్, గ్రాఫిక్ అనే రెండు మాటల్ని కలిపేసి "పారాగ్రాఫిక్" అని పేరు పెట్టుకున్నారు. అంటే కంప్యూటర్‌కి ఏది సహజమో దానితోనే మొదలయ్యారు. పెట్టెల ఫొటోలు తర్వాత వచ్చాయి.

ఎందుకొచ్చాయో అర్థం కావాలంటే అసలు పెట్టెల్ని చూడాలి. ఒక పెట్టె దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోవద్దు. నాకది చాలా ఇష్టం.

దాని పేరు 1176. అమెరికాలో బిల్ పట్నం అనే ఇంజనీరు తయారుచేసిన కంప్రెసర్, 1960ల రెండో సగంలో వచ్చింది. ముందు పలక మీద రెండు పెద్ద నాబ్‌లు, రెండు చిన్న నాబ్‌లు, ఎడం చేతి వైపు నాలుగు బటన్లు, మధ్యలో మీటరు ముల్లు, కుడి వైపు ఇంకో వరస బటన్లు. అంతే. చూస్తే ఇంత తేలికా అనిపిస్తుంది. వాడటం మొదలుపెడితే ఒక్కోటీ తిక్క తిక్కగా ఉంటుంది.

ఏ స్థాయి దాటితే తొక్కాలి అని చెప్పే థ్రెషోల్డ్ నాబ్ అందులో లేదు. తొక్కడం ఎక్కువ కావాలంటే ఇన్‌పుట్ పెంచాలి. గోడ ఎత్తు మార్చే వీలు లేనప్పుడు మనిషినే ఎత్తి గోడకి తగిలించినట్టన్నమాట. ఆ ఇన్‌పుట్ నాబ్ మీద అంకెలు కుడికి తిప్పే కొద్దీ తగ్గుతాయి, ఎందుకంటే అవి ఎంత పెంచామో చెప్పవు, ఎంత ఆపుతున్నామో చెప్తాయి. చివరికి సున్నా దగ్గర పూర్తి శబ్దం. ఇక చిన్న నాబ్‌లు రెండూ అటాక్, రిలీజ్. శబ్దం పెరిగాక ఎంతసేపటికి తొక్కాలి, తగ్గాక ఎంతసేపటికి వదలాలి. 1 నుంచి 7 దాకా అంకెలు. ఎవరైనా ఏమనుకుంటారు? అంకె పెరిగితే సమయం పెరుగుతుంది అనుకుంటారు. తలకిందులు. 7 దగ్గర అత్యంత వేగం, 1 దగ్గర నెమ్మది. ఆ నెమ్మది కూడా మామూలు నెమ్మది కాదు. అటాక్ సెకనులో పది లక్షల వంతుల్లో 20 నుంచి 800 మధ్యే తిరుగుతుంది. రిలీజ్ మాత్రం సెకనులో ఇరవయ్యో వంతు నుంచి ఒక సెకను పైదాకా వెళ్తుంది. రెండు నాబ్‌లూ పక్కపక్కన, ఒకే సైజులో, ఒకే అంకెలతో ఉంటాయి, కొలతలు మాత్రం ఎక్కడెక్కడో. ఆ అంకెల్ని సమయం అనుకోకుండా వేగం అనుకుంటే న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ సంగతి పలక మీద ఎక్కడా రాసి ఉండదు.

నాలుగు బటన్ల సంగతి ఇంకా బాగుంటుంది. 4, 8, 12, 20 అని నిష్పత్తులు. ఒకటి నొక్కితే ఇంకోటి పైకి రావాలి. కానీ నాలుగూ ఒకేసారి నొక్కితే నాలుగూ లోపలే ఉండిపోతాయని స్టూడియోల్లో ఎవరో కనిపెట్టారు. సర్క్యూట్ గందరగోళమై శబ్దం చిరిగినట్టు వస్తుంది. డ్రమ్స్ మీద అది ఎంత బాగుందంటే దానికి ఒక పేరే వచ్చేసింది, "ఆల్ బటన్స్" అని. తయారుచేసినవాళ్లు అనుకోని పని అది, వేళ్లు కనిపెట్టిన పని.

ఇప్పుడు ఈ పెట్టెని సాఫ్ట్‌వేర్‌లోకి దింపాలి. మీరైతే ఏం చేస్తారు? దాదాపు అందరూ ఉన్నదున్నట్టు దింపారు. తలకిందుల నాబ్‌లతో సహా. నాలుగు బటన్లు ఒకేసారి నొక్కడానికి మౌస్‌కి నాలుగు వేళ్లు లేవు కాబట్టి, షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చెయ్యాలి అని పెట్టారు కొందరు. ఆ సంగతి తెర మీద చూసి కనుక్కోలేం, మాన్యువల్ చదవాల్సిందే.

ఇది తప్పా? నా వరకు నేను సగం సగం. ఇరవై ఏళ్లు ఆ పెట్టె మీద పనిచేసినవాడికి నాబ్‌ని సరిచేసి ఇస్తే అది అతనికి ద్రోహం. అతని చేతికి 7 అంటే వేగం అని తెలుసు. కానీ ఆ పెట్టెని ఎప్పుడూ ముట్టుకోని కుర్రాడు తెనాలిలోనో కరీంనగర్‌లోనో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి ఆ ప్లగిన్ తెరిస్తే, వాడి చేతికి ఏ జ్ఞాపకమూ లేదు. వాడు ఎవరి అలవాటునో మోస్తున్నాడు. కనీసం మౌస్ దాని మీద పెడితే "ఇన్ని మైక్రోసెకన్లు" అని ఒక చిన్న గడి కనిపిస్తే సరిపోయేది కదా అనిపిస్తుంది నాకు. బొమ్మ పాడవదు, పని జరుగుతుంది.

ఇలాంటిదే పల్టెక్ ఈక్వలైజర్. 1950ల సరుకు. దాని ప్లగిన్ నకళ్ల మీద ఇవాళ్టికీ హెర్ట్జ్ అని కాకుండా సెకనుకి ఇన్ని ఆవృత్తులు అని అర్థం వచ్చే సీపీఎస్ అనే పాత పొట్టి అక్షరాలు కనిపిస్తాయి. హెర్ట్జ్ అనే మాట ఖాయం అవ్వకముందు పుట్టిన పెట్టె కాబట్టి. అందులో బాస్ పెంచడానికి ఒక నాబ్, తగ్గించడానికి వేరే నాబ్. రెండూ ఒకేసారి తిప్పితే ఒకదానికొకటి కొట్టుకుపోతాయనుకుంటాం. పోవు. రెండు వంపులూ సరిగ్గా ఒకే చోట పడవు కాబట్టి కింద ఉబ్బు, దాని పైన ఒక చిన్న గుంట వస్తాయి. అదే జనానికి నచ్చింది. పలకని చూసి ఈ సంగతి ఊహించడం ఎవరివల్లా కాదు.

ఎల్ఏ-2ఏ మాత్రం వీటికి పూర్తిగా వేరు. అదీ కంప్రెసరే, 1960ల మొదట్లో జిమ్ లారెన్స్ చేసింది. రెండే పెద్ద నాబ్‌లు. ఎంత తొక్కాలి, తర్వాత ఎంత పెంచాలి. మిగిలినదంతా లోపల వెలిగే పలక, దాన్ని చూసే కాంతి కణం చూసుకుంటాయి. ఆడియో పెట్టెల్లో మా మావయ్యకి చూపించగానే నచ్చేది ఇదే అని నా నమ్మకం.

సరే, ఇప్పుడు 1996కి వద్దాం. జర్మనీలో హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ కంపెనీ క్యూబేస్‌తో పాటు వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చింది. విశేషమేంటంటే అది బయటివాళ్లకీ ఇచ్చేశారు, ఎవరైనా ప్లగిన్ రాసుకోవచ్చు. 1999లో రెండో వెర్షన్‌తో వాయిద్యాలు కూడా ప్లగిన్లయ్యాయి. ఇక వరద.

ఆ వరదకి సరిగ్గా ముందు, 1997లో, స్టాక్‌హోమ్ కుర్రాళ్లు ప్రొపెల్లర్‌హెడ్ పేరుతో రీబర్త్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. రోలాండ్ కంపెనీ టీబీ-303 బాస్ యంత్రాన్ని, 808 డ్రమ్ యంత్రాన్ని తెర మీద ఉన్నదున్నట్టు గీసేశారు. బొమ్మ నాబ్ తిప్పితే నిజం శబ్దం వస్తుంటే జనానికి పిచ్చెక్కింది. ఇక్కడ ఒక పక్కదారి. టీబీ-303 వాడటానికి మహా కష్టమైన పెట్టె. స్వరాలు ఒకసారి, వాటి కాలం ఇంకోసారి, విడివిడిగా ఎక్కించాలి. గిటార్ వాయించుకునేవాళ్లకి తోడుగా ఉంటుందని చేస్తే ఎవరూ కొనలేదు, కొన్నేళ్లకే ఆపేశారు. దాని బాగోగులు ముందే పట్టుకున్నవాళ్లలో ఒకాయన మన బొంబాయి సినిమా సంగీతంలో వాయించిన చరణ్‌జిత్ సింగ్. 1982లోనే టీబీ-303, 808, జూపిటర్-8 పెట్టుకుని రాగాలకి డిస్కో దరువు కలిపి ఒక ఆల్బమ్ చేశాడు. షికాగోలో యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టడానికి కొన్నేళ్ల ముందు. అంత చెడ్డ ఇంటర్‌ఫేస్‌తో కూడా పట్టుదల ఉన్నవాడు ఏం చేయగలడో అందులో వినిపిస్తుంది. అలాగని చెడ్డ ఇంటర్‌ఫేస్‌లు మంచివని నేను అనట్లేదు.

అదే ప్రొపెల్లర్‌హెడ్ వాళ్లు 2000లో రీజన్ తెచ్చారు. అందులో టాబ్ కీ నొక్కితే పెట్టెలన్నీ వెనక్కి తిరుగుతాయి, వెనక తీగలు ఉయ్యాలలా ఊగుతాయి. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో మొదటిసారి చూసినప్పుడు టాబ్ నొక్కుతూనే కూర్చున్నా. తీగలు ఊగితే శబ్దానికి ఒరిగేదేం లేదు. కానీ ఏ పెట్టెలోంచి శబ్దం ఏ పెట్టెలోకి పోతోందో ఆ తీగలు చెప్పినంత సులువుగా ఏ పాఠమూ నాకు చెప్పలేదు. కాబట్టి ఫొటో లాంటి బొమ్మలన్నీ షోకే అని కొట్టిపారేసేవాళ్లతో నేను కలవను. తీగ ఇక్కడ పని చేస్తోంది. నేను షష్టిపూర్తికి గీసిన నీడలు ఏ పనీ చెయ్యలేదు. తేడా అది.

అసలు ఇబ్బంది నాబ్ దగ్గర ఉంది. ఇనప పెట్టె మీద నాబ్ ఎందుకు పుట్టింది? తక్కువ జాగా పడుతుంది, లోపల ఉండే పొటెన్షియోమీటర్ గుండ్రంగా తిరుగుతుంది, వేళ్లకి పట్టు దొరుకుతుంది. తెర మీద ఈ మూడిట్లో జాగా తప్ప ఇంకేదీ వర్తించదు. మౌస్‌తో గుండ్రంగా తిప్పడం ఎంత చిరాకో ఒకసారి ప్రయత్నించి చూడండి. ప్లగిన్ రాసేవాళ్లకి స్టైన్‌బర్గ్ ఇచ్చిన తెర సామగ్రిలో అందుకే మూడు పద్ధతులు ఉన్నాయి. మౌస్ ఎక్కడుంటే గీత అక్కడికి ఎగిరి వచ్చే గుండ్రటి పద్ధతి ఒకటి, ఎగరకుండా ఉన్నచోటు నుంచి గుండ్రంగా తిప్పేది రెండోది, పైకి లాగితే పెరిగి కిందకి లాగితే తగ్గేది మూడోది. చివరికి చాలామంది మూడోదానికే వచ్చారు. అంటే ఏమైందో చూడండి. బొమ్మ గుండ్రటిది, చెయ్యి మాత్రం నిలువుగా కదులుతుంది. నాబ్ ముసుగు వేసుకున్న స్లైడర్ అది. కొత్తవాళ్లు దాన్ని పట్టుకుని గుండ్రంగా గింగిరాలు తిప్పుతుంటే నాకు నవ్వు రాదు, వాళ్లు బొమ్మ చెప్పిందే చేస్తున్నారు.

మీటరు ముల్లుది ఇంకో కథ. వీయూ మీటరు 1939లో అమెరికా రేడియో, టెలిఫోను కంపెనీలు కలిసి ఖాయం చేసుకున్న కొలత. ముల్లు శబ్దాన్ని అందుకోవడానికి సెకనులో దాదాపు మూడో వంతు, 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావాలనే అలా చేశారు, చెవికి తోచే గట్టితనానికి దగ్గరగా ఉండాలని. టేపు రోజుల్లో క్షణకాలం మితిమీరినా టేపు సర్దుకునేది. కంప్యూటర్‌లో ధ్వనిని ఫైలుగా రాసేటప్పుడు సున్నా డెసిబెల్ దాటితే పైన కత్తితో కోసినట్టు తెగిపోతుంది. తబలా మీద ఒక్క దెబ్బ సెకనులో వందో వంతులో అయిపోతుంది, బద్ధకం ముల్లు సగం దూరం కూడా లేవదు, ఈలోపు కోత పడిపోతుంది. అందుకే ముల్లు పక్కన పీక్ చూపించే ఒక ఎర్ర దీపమైనా ఉండాలి. ముల్లు అందంగా ఊగుతోంది కదా అని దాన్నొక్కదాన్నే పెట్టిన ప్లగిన్లు నేను చాలా చూశా. నా షష్టిపూర్తి ప్లగిన్ కూడా అందులో ఒకటి, దాచుకోవడం ఎందుకు.

ఇంతా చెప్పి ఇనప పెట్టెలన్నీ గొప్పవి, తెరలన్నీ చెడ్డవి అనేస్తే అబద్ధం అవుతుంది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 గుర్తు తెచ్చుకోండి. 80ల పాటల్లో ఆ మెరిసే ఎలక్ట్రిక్ పియానో దానిదే. ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే 32 పద్ధతులు, ఒక్క శబ్దానికి వంద దాటే సంఖ్యలు. అవన్నీ మార్చడానికి నొక్కితే నొక్కినట్టే తెలియని బల్లపరుపు బటన్లు, రెండు వరసల చిన్న తెర, సంఖ్య మార్చడానికి ఒకే ఒక్క స్లైడర్. ఒకసారికి ఒక సంఖ్యే కనిపిస్తుంది. తాళంచెవి కన్నంలోంచి పెళ్లి చూసినట్టు. అందుకే ఎక్కువమంది దానితో వచ్చిన శబ్దాల్నే వాడుకున్నారు. అదే పద్ధతిని బెర్లిన్‌లోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 2000ల్లో ఎఫ్ఎమ్7, తర్వాత ఎఫ్ఎమ్8గా సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు పాత పెట్టె ఫొటో జోలికి పోలేదు. ఏ ఆపరేటర్ దేన్ని కదిలిస్తోందో ఒక పట్టికగా, శబ్దం ఎలా లేచి ఎలా పడుతుందో లాగదగిన గీతగా చూపించారు. పెట్టె మీద దాక్కున్నది తెర మీద బయటపడింది.

ఈక్వలైజర్‌లో అలాంటి మలుపు ఆమ్‌స్టర్‌డామ్‌కి చెందిన ఫ్యాబ్‌ఫిల్టర్ వాళ్ల ప్రో-క్యూ, 2009. దాని మూలం ఇంకా వెనక ఉంది. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ అనే పాతికేళ్ల కుర్రాడు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సభలో పారామెట్రిక్ ఈక్వలైజర్ మీద పత్రం చదివాడు. ఏ పౌనఃపున్యం, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఈ మూడింటినీ విడివిడిగా మార్చుకోవచ్చు అన్నది అందులో సంగతి. పెట్టె మీద ఆ మూడూ మూడు నాబ్‌లు. నాలుగు చోట్ల మార్చాలంటే పన్నెండు నాబ్‌లు, వాటి అర్థం తలలో కలుపుకోవాలి. ప్రో-క్యూలో ఖాళీ గ్రాఫు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక చుక్క పుడుతుంది. పక్కకి లాగితే పౌనఃపున్యం, పైకి కిందకి లాగితే ఎత్తు, మౌస్ చక్రం తిప్పితే వెడల్పు. వెనకాల పాట కదులుతూ కనిపిస్తుంటుంది. మూడు నాబ్‌లు ఒక చుక్కయ్యాయి. క్యూ10 మొదలుపెట్టిన దారే ఇది, పదిహేడేళ్ల తర్వాత తీరిగ్గా నడిచారు.

ఆ గ్రాఫులో అడ్డం గీత మీద ఒక కిటుకు ఉంది, నేను దెబ్బతిన్న చోటు. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. నేను రాసిన తొలి ఈక్వలైజర్‌లో స్లైడర్‌ని ఆ మొత్తం మీద సమానంగా పంచేశా. బీటెక్‌లో లాగరిథమ్ పరీక్ష రాసి మర్చిపోయిన రకం నేను. ఏమైంది? మనిషి గొంతు బరువంతా ఉండే 100 నుంచి 1,000 హెర్ట్జ్ భాగానికి స్లైడర్ పొడవులో నూటికి నాలుగున్నర వంతు దక్కింది. 10,000 నుంచి పైన ఉన్న ఒక్క స్థాయికి సగం స్లైడర్ పోయింది. మౌస్ ఒక్క వెంట్రుకవాసి కదిపితే గొంతు ఆడ నుంచి మగ అయినట్టు అనిపించేది. చెవి రెట్టింపుల్ని లెక్కపెడుతుంది, కూడికల్ని కాదు. లాగరిథమ్ కొలత పెడితే అదే 100 నుంచి 1,000కి మూడో వంతు జాగా వస్తుంది. జ్యూస్ అనే సామగ్రిలో దానికోసం ఒకే ఒక్క వరస కోడ్ ఉంటుంది, మధ్య బిందువు ఎక్కడ ఉండాలో చెప్తే చాలు. ఆ ఒక్క వరస రాయక వారం పోగొట్టుకున్నా.

ఇప్పుడు మళ్లీ తెనాలి.

చుక్కలు లాగే గ్రాఫు ఎంత గొప్పదైనా మావయ్యకి అది కూడా లేనట్టే. అక్కడే నాకు అర్థమైంది. పాత పెట్టె ఫొటో కానీ, కొత్త గ్రాఫు కానీ, రెండూ కళ్లకే. పెట్టెకి ఉన్న గుణాల్లో రూపాన్ని తెర మీదకి తెచ్చుకున్నాం, వేలికి తగిలేదాన్ని బయట వదిలేశాం. చూపు లేనివాళ్లు ఇనప మిక్సర్ల మీద పనిచేశారు, చేస్తున్నారు. ప్లగిన్ దగ్గరకి వచ్చేసరికి తలుపు మూసుకుపోయింది.

మూసుకుపోయింది అన్నది ఊరికే అనట్లేదు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో బటన్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి అది బటన్ అని తెలుసు, కాబట్టి ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ప్లగిన్లు చాలావరకు తమ బొమ్మ తామే చుక్క చుక్కగా గీసుకుంటాయి. స్క్రీన్ రీడర్‌కి అక్కడ ఒక ఖాళీ గడి తప్ప ఏమీ కనబడదు. ప్లగిన్లు రాసేవాళ్లలో చాలామంది వాడే జ్యూస్‌లో స్క్రీన్ రీడర్లకి మద్దతు వచ్చింది 2021లో, 6.1 వెర్షన్‌తో. క్యూ10 వచ్చి ఇరవై తొమ్మిదేళ్లయ్యాక.

అంతకుముందు నుంచీ ఒక దొడ్డిదారి ఉంది. వీఎస్‌టీ మొదటి నుంచీ ప్రతి ప్లగిన్ తన మీటల జాబితాని పేర్లతో సహా హోస్ట్ సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్తుంది. బొమ్మ లేకపోయినా ఆ జాబితాతో పని నడుస్తుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒసారా అనే ఉచిత జోడింపు ఉంది. మొదలుపెట్టింది ఎన్‌వీడీఏ చేసినవాళ్లలో ఒకరైన జేమ్స్ టే, ఆయనకీ చూపు లేదు. అది ఆ జాబితాని తీసుకుని కీబోర్డు బాణాలతో మార్చేట్టు, గట్టిగా చదివేట్టు చేస్తుంది. పాత వీఎస్‌టీలో మీట పేరుకి ఇచ్చిన జాగా ఎనిమిది అక్షరాలే, అందుకే పాత ప్లగిన్లలో పేర్లన్నీ అచ్చులు పీకేసినట్టు ఉంటాయి. అయినా నడిచింది.

మావయ్య కంప్యూటర్‌లో రీపర్, ఎన్‌వీడీఏ, ఒసారా పెట్టి, గర్వంగా నా ప్లగిన్ తెరిచాను. స్క్రీన్ రీడర్ చదివింది. "పీ1, 0.50. పీ2, 0.12. పీ3, 0.37."

నేను కోడ్‌లో పెట్టుకున్న పేర్లు అవి. ఎవరు చూస్తారులే అని. తెర మీద నీడలకి నెల రోజులు పెట్టినవాణ్ణి, ఏడు మీటలకి పేర్లు పెట్టడానికి పది నిమిషాలు పెట్టలేదు. మావయ్య ఏమీ అనలేదు. "పీ3 అంటే ఏందిరా?" అని మాత్రం అడిగాడు. కోడ్ తెరిచి చూస్తే కానీ నాకూ గుర్తు రాలేదు.

తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. పేర్లు పెట్టా. 0.37 బదులు "12 మిల్లీసెకన్లు" అని చదివేట్టు చేశా. బాణం ఒకసారి నొక్కితే చెవికి తెలిసేంత మార్పు వచ్చేట్టు అడుగులు సరిచేశా, లేకపోతే వందసార్లు నొక్కాలి. ఫొటో పీకేసి నల్ల నేల మీద పెద్ద తెల్ల అంకెలు పెట్టా, ఆయనకి మిగిలిన ఆ రూపాయి బిళ్లంత చూపులో పట్టేట్టు.

మీటరు దగ్గర ఇరుక్కుపోయా. ఎంత తొక్కుతోందో ప్రతి క్షణం అంకెల్లో చదివిస్తే పాట వినపడదు. ఫోన్‌లో అదే చెప్పుకుంటూ తల పట్టుకుంటే ఆయన అన్నాడు, "నువ్వు తొక్కేసినదాన్ని నాకు వినిపించు. మిగిలిందాంతో నాకేం పని?"

ఇంజనీర్లు దీన్ని డెల్టా వినడం అంటారు, కొన్ని ప్లగిన్లలో ఎప్పటినుంచో ఉంది. లోపలికి వచ్చిన శబ్దంలోంచి బయటికి వెళ్లేదాన్ని తీసేస్తే మిగిలేది కంప్రెసర్ కాజేసిన ముక్క. ఒక్క బటన్. అది పెట్టి పంపిన రెండో రోజు ఆయనే ఫోన్ చేశాడు. డెల్టా నొక్కితే తబలా మొదటి దెబ్బ మొత్తం అందులోనే వినపడుతోందట, అంటే పాటలోంచి పోతోందన్నమాట. అటాక్ 30 మిల్లీసెకన్లకి జరిపాక దెబ్బ తిరిగి పాటలోకి వచ్చింది. ఆ భజన పాటని అంతకుముందు నేనే మిక్స్ చేసి ఇచ్చా. మీటరు ముల్లు చూసుకుంటూ.

ఈక్వలైజర్ ఇంకా మిగిలే ఉంది. వంపు తిరిగిన గీతని చెవికి ఎలా చెప్పాలో నాకు ఇంకా తేలలేదు. వచ్చే నెల తెనాలి వెళ్తున్నా, ఈసారి ఒక యూఎస్‌బీ నాబ్‌ల పెట్టె కొనుక్కుని. ఎనిమిది నిజం నాబ్‌లు ఉన్నాయి దాని మీద. ఏ నాబ్‌కి ఏ మీట పెట్టాలో ముందే నిర్ణయించి పట్టుకురావద్దని, తన పక్కన కూర్చుని పెట్టమని మావయ్య చెప్పాడు.